కనబడని పన్నెండు చలానాలు

పోలీసు స్టేషన్‌లో రైటరుగా ఇరవై ఆరేళ్ళు పనిచేసినా నాకు ఒక సందేహం తీరలేదు. భయపడేది తప్పు చేసినవాడా, చేయనివాడా? స్టేషన్ గడప దాటేటప్పుడు చేతులు వణికినవాళ్ళను ఎందరినో చూశాను. వాళ్ళలో సగం మంది ఏ పాపమూ ఎరగనివాళ్ళు. నిజంగా చేసినవాళ్ళు కొందరు కుర్చీ లాక్కొని కూర్చొని, మంచినీళ్ళు అడిగి తాగేవాళ్ళు. రోజూ పూజలో దేవుణ్ణి నేను పెద్దగా ఏమీ కోరను. ఎదుటి మనిషి ముఖం చూసి నిజం కనిపెట్టే పాటి తెలివి ఇవ్వమని మాత్రం అడుగుతాను. ఇంతవరకూ ఇవ్వలేదు. అందుకే ఉద్యోగం మాని, 'మునిరత్నం, ప్రైవేటు విచారణలు' అని బోర్డు కట్టుకున్న నాటి నుంచి ముఖాలను వదిలేసి కాగితాలనూ గడియారాన్నీ నమ్ముకున్నాను.

2003 జూలై 29, మంగళవారం, మధ్యాహ్నం రెండు పది. కడప పొలిమేరలో ధనుంజయ శెట్టి గారి ముగ్గురాయి ఫ్యాక్టరీ ఆఫీసులో నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతులు వణుకుతున్నాయి.

ఆమె పేరు శ్రీవిద్య. నంద్యాల పిల్ల. రెండేళ్ళుగా ఇక్కడ లెక్కల గుమాస్తా.

ముందు కేసు సంగతి చెప్పాలి. ముగ్గురాయిని దంచి పొడి చేసి బస్తాలకెత్తే ఆ ఫ్యాక్టరీలో ఇరవై ఆరు మందికి పన్ను పడేంత జీతం వస్తుంది. వాళ్ళ జీతంలో నెలనెలా కొంత కోసి, మరుసటి నెల ఏడో తేదీలోపు చలానా రాసి బ్యాంకులో కట్టాలి. 'ఇంత కోశాను, ఫలానా తేదీల్లో ప్రభుత్వానికి కట్టాను' అని ఏడాది చివర యజమాని ఇచ్చే సర్టిఫికెట్టును ఫారం పదహారు అంటారు. దాన్ని జతచేసి ఉద్యోగి జూలై ముప్పై ఒకటిలోపు రిటర్ను వేసుకోవాలి.

పోయిన ఏడాది తిమ్మయ్య అనే మెకానిక్కు అలాగే రిటర్ను వేసి, నా దగ్గర ఎక్కువ కోశారు, కొంత వాపసు ఇవ్వండి అని అడిగాడు. ఆ వాపసు రాలేదు గానీ, నిన్న పన్ను ఆఫీసు నుంచి శెట్టి గారికి జాబు వచ్చింది. తిమ్మయ్య సర్టిఫికెట్టులో చూపిన పన్నెండు చెల్లింపుల్లో ఒక్కటి కూడా వాళ్ళ రిజిస్టరులో లేదట. కట్టామనడానికి రుజువు బ్యాంకు ముద్ర వేసి ఇచ్చే చలానా రసీదులు. ఆ పన్నెండూ ఆఫీసు బీరువాలో లేవు. సర్టిఫికెట్లు టైపు చేసింది శ్రీవిద్య. బీరువా తాళం ఉండేది శ్రీవిద్య దగ్గర. సాయంత్రం ఐదు గంటల్లోగా రసీదులు చూపించకపోతే ఆమెను స్టేషనుకు తీసుకుపోతానని ఎస్సై దేవేంద్రప్ప పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

నన్ను పిలిచింది శెట్టి గారు కాదు. ఆ తిమ్మయ్యే. సొమ్ము పోయినవాడే, దొంగ అని ముద్రపడ్డ మనిషి తరఫున నా దగ్గరికి రావడం నా సర్వీసులో ఇదే మొదటిసారి.

"ఆ పాప కాదు సామీ," అన్నాడు నా గుమ్మంలో నిలబడి. ఒంటి నిండా తెల్లటి పొడి. "మాది కోసిగి. ప్రతి ఏడూ మా వాళ్ళు మూటలు కట్టుకోని మిరపకాయలు కొయ్యను గుంటూరు పోతారు. ఊర్లో ఒక చిన్న ఇల్లు కట్టుకుంటే ఆడోళ్ళన్నా ఆడ ఉంటారని బ్యాంకు లోను అడిగినా. వాళ్ళు రిటర్నులు తెమ్మన్యారు. నాకు రిటర్ను అంటే ఏందో తెలీదు. నాలుగు ఆదివారాలు కూసోబెట్టి రాసిచ్చింది ఆ పాప. ఒక్క టీ కూడా తాగలే నా దుడ్లతో."

అది సాక్ష్యం కాదు. అయినా వచ్చాను. శెట్టి గారు గుడి భజనలో నాకు తెలిసినవారే కాబట్టి అడ్డు చెప్పలేదు.

"చలానా ఎవరు రాస్తారమ్మా?" అని అడిగాను శ్రీవిద్యను.

"గోపన్న తాత సార్. పెద్ద గుమాస్తా. జీతాల చలానాలు ముందు ఆడిటరు గారి మనిషి వచ్చి రాసిపోయేవాడంట. నేను చేరకముందే ఆయన మానేసినాడు. అప్పటి నుంచి తాతే రాసి, శెట్టి గారితో చెక్కు మీద సంతకం చేయించుకోని, బ్యాంకుకు పోతాడు."

"రసీదు తెచ్చి నీకిస్తాడా?"

"ఎప్పుడూ ఇయ్యలేదు. డైరీలో తేదీ, చెక్కు నంబరు, మొత్తం రాసిపెడతాడు. అది చూసి టైపు చేస్తా."

"రసీదు చూడకుండా సర్టిఫికెట్టు టైపు చేయొచ్చా?"

ఆమె తల వంచుకుంది. "చేయకూడదు సార్. అడిగితే తాతను నమ్మనట్టు అయితాది అనుకున్నా. ఆయన ఈ ఫ్యాక్టరీ కంటే ముందు నుంచి ఉండాడు."

"నీ జీతంలో ఎంత కోస్తారు?"

ఆమె మొదటిసారి నవ్వింది. "నా జీతం కోసేంత లేదు సార్. కోసేవాళ్ళ కాగితాలు టైపు చేసేంతే ఉండాది."

డైరీ అడిగి తీసుకున్నాను. పన్నెండు నెలలకూ ఏడో తేదీ దగ్గర ఒక్కో పద్దు. గుండ్రటి పాతకాలపు చేతిరాత. బ్యాంకు పాసుపుస్తకం పక్కన పెట్టి చూశాను. పన్నెండు చెక్కులూ చెల్లాయి. అంటే డబ్బు శెట్టి గారి ఖాతాలోంచి పోయింది. తిమ్మయ్య వాళ్ళ పేరు మీద మాత్రం పడలేదు. మధ్యలో ఎక్కడికి పోయింది?

డైరీని కిటికీ వెలుతురుకు పట్టుకున్నప్పుడు ఇంకొకటి కనబడింది. ఏడో తేదీ పుటల అంచున మాత్రం పసుపు వేలిముద్ర. మిగతా పుటలు శుభ్రంగా ఉన్నాయి. ఆఫీసులో దేవుడి పటం ఉంది, కానీ దానికి పూలదండ తప్ప పసుపు లేదు.

"గేటు రిజిస్టరు తెప్పించమ్మా," అన్నాను.

అది వచ్చేలోపే జీపు వచ్చింది.

దేవేంద్రప్పది ఆదోని వైపు. ఎస్సైగా కొత్తగా వచ్చినప్పుడు ఎఫ్.ఐ.ఆర్ ఎలా రాయాలో పక్కన కూర్చొని చూపించింది నేనే. ఆ కృతజ్ఞత ఉంది, ఆ కోపమూ ఉంది. అప్పట్లో అతని ఇంగ్లీషు మీద ఎర్రసిరాతో గీతలు గీసేవాణ్ణి మరి.

"ఏం రైటరన్నా, రిటైరయినాక రామకోటి రాసుకోకుండా ఈడేం చేస్తాండావు?"

"రాసుకుంటానే ఉండా దేవేంద్రప్పా. మధ్యలో నువ్వు తప్పు రాస్తాండావని తెలిసి వచ్చినా."

కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు. దేవేంద్రప్ప టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "తప్పేముండాది? చెక్కు రాసేది బ్యాంకు పేరు మీద. దాంతోపాటు ఎవరి చలానా ఇస్తే వాళ్ళ పన్ను కట్టినట్టు. ఈ పిల్ల ముసలాయన సంచీలో చలానా మార్చి పెట్టింది. వేరేవాళ్ళ పన్ను మన శెట్టి చెక్కుతో కట్టించి, వాళ్ళ దగ్గర దుడ్లు తీసుకునింది. ముసలాయనకు కండ్లు కనపడవు. ఇంతే కేసు."

నిజం చెప్పాలంటే ఊహ బాగుంది. నా దగ్గర నేర్చుకున్నవాడే కదా అని కొంచెం గర్వపడ్డాను కూడా.

"ఎవరి పన్ను కట్టించింది? పేరు చెప్పు."

"బ్యాంకును అడిగినా. పాత చిట్టాలు పైకి పంపినారంట, పది రోజులు పడుతుందంట. అంతలోపల ఈ పిల్ల ఊరు దాటితే?"

"యాడికి పోతాది? ఎల్లుండికి ఇరవై ఆరు మంది రిటర్నులు వేయాల్సింది ఈ పాపే."

"దొంగ సర్టిఫికెట్లతోనా?" అన్నాడు దేవేంద్రప్ప. "సర్టిఫికెట్టులో కట్టినట్టు రాసింది. ఆడ కట్టలేదు. దీన్ని నీ కాలంలో ఏమంటాండ్రి?"

శ్రీవిద్య ముఖం పాలిపోయింది.

"గోపన్న గారిని అడిగినావా?" అన్నాను.

"శెట్టి వద్దన్యాడు. ముసలాయనకు పది దినాల కిందట కంటి ఆపరేషన్ అయిందంట. ఈ మాట చెవిన పడితే గుండె ఆగిపోతాదంట. రసీదులు ఈ పిల్ల దగ్గర ఉండాల్సినవి, ఆయన్నేమి అడిగేది?"

అంటే బ్యాంకుకు స్వయంగా వెళ్ళిన ఒకే ఒక్క మనిషిని తప్ప అందరినీ అడిగారు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. ఆయన మీద అందరికీ ఉన్న ప్రేమ ఆయన చుట్టూ ప్రహరీ కట్టింది. ఆ ప్రహరీ బయట ఈ పిల్ల నిలబడి ఉంది.

గేటు రిజిస్టరు వచ్చింది. వేలితో వెతుక్కుంటూ పోయాను. ఏడో తేదీ, గోపన్న, బయటికి పది నలభై, లోపలికి రెండు పదిహేను. మరుసటి నెల పది ముప్పై ఐదు, రెండు ఇరవై. ఆ తరువాతి నెల కూడా అంతే. ఫ్యాక్టరీ నుంచి బ్యాంకు ఆటోలో ఇరవై నిమిషాలు. వరుసలో నిలబడి కట్టినా పన్నెండుకల్లా అయిపోవాలి. ప్రతి ఏడో తేదీ రెండు గంటలు ఆ మనిషి ఎక్కడో మాయమవుతున్నాడు.

నా మనసు చివుక్కుమంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. నుదుట నామం చెరగకుండా బతికిన మనిషి.

"ఐదు గంటలకు వస్తా," అన్నాడు దేవేంద్రప్ప టోపీ పెట్టుకుంటూ. "శెట్టి ఇంటికే వస్తా. ఫిర్యాదు మీద సంతకం ఆడ పెడతానన్యాడు. ఈ పాపను కూడా జీపులో తీసుకొస్తా. పారిపోలేదు అని నువ్వే కండ్లారా చూడొచ్చు."

నేను స్కూటరు తీశాను. మూడు నలభై. తిమ్మయ్య అడగకుండానే వెనక ఎక్కాడు.

"నీకు డ్యూటీ లేదా?"

"అమావాస్య గదా సామీ. మిషన్లకు గుమ్మడికాయ కొట్టి ఒంటిపూటకే ఆపినారు. నా కాగితం కత ఏందో నేనూ చూడల్ల."

శెట్టి గారి ఇల్లు పాత ఊళ్ళో. వెనక వసారా పక్కన గోపన్న గది. పెళ్ళి చేసుకోని ఆ మనిషికి యాభై ఐదేళ్ళకు పైగా అదే ఇల్లు. శెట్టి గారు ముందుగదిలోనే నాకు అడ్డం వచ్చారు.

"మునిరత్నం, నీకు దణ్ణం పెడతా. ఆయన్ను కదిలించొద్దు. ఆయన నాకు గుమాస్తా కాదు. నన్ను చంకనేసుకోని తిప్పినోడు."

"శెట్టి గారూ, ఐదు గంటలకు ఒక ఆడపిల్ల మీద దొంగతనం రాసి మీరు సంతకం పెట్టబోతున్నారు. ఆ పిల్లనూ ఎవరో ఒకరు చంకనేసుకోని తిప్పే ఉంటారు గదా?"

ఆయన పక్కకు తప్పుకున్నారు.

గోపన్న మంచం మీద కూర్చొని ఉన్నారు. ఎడమ కంటి మీద ఆపరేషన్ తర్వాత కట్టే పచ్చగుడ్డ. నన్ను చూడగానే చాప పరిపించి, మంచినీళ్ళు ఇప్పించి, మా ఇంటావిడ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు. వణుకు లేదు, తడబాటు లేదు. నాకది నచ్చలేదు. కుర్చీ లాక్కొని నీళ్ళు తాగినవాళ్ళు గుర్తుకొచ్చారు.

"గోపన్న గారూ, ఒక్క మాట. ప్రతి నెలా ఏడో తేదీ బ్యాంకు పని పన్నెండుకు అయిపోతుంది. ఫ్యాక్టరీకి రెండు పదిహేనుకు వస్తారు. మధ్యలో యాడికి పోతారు?"

అప్పుడు మాత్రం ఆయన ముఖం మారింది. గుమ్మం వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"అనసూయమ్మ ఈడేమన్నా ఉండాదా?"

అనసూయమ్మ అంటే శెట్టి గారి భార్య. లేదన్నాను.

"శెట్టికి చెప్పవు గదా?"

"ముందు మీరు చెప్పండి."

"నాకు చక్కెర జబ్బు ఉండాది నాయనా. ఈ ఇంట్లో తీపి ముట్టనియ్యరు. ఏడో తేదీ ఒక్కరోజు..." ఆయన చెయ్యి నా మోకాలి మీద పెట్టారు. "బ్యాంకు వెనక మిఠాయి అంగడిలో కూసోని రెండు జిలేబీలు తింటా. వేడివేడిగా వేయించి ఇస్తాడు. మూడోది తినలే. ఒట్టు."

గుమ్మం దగ్గర తిమ్మయ్య నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు.

"జిలేబీకి రెండు గంటలా తాతా?" అన్నాడు దాని చాటు నుంచే.

"రెండు గంటలు ఎందుకయితాది? ముందు ఇంటికొస్తా. కాళ్ళు కడుక్కోని రసీదు పూజగదిలో పెట్టి, పసుపు పెట్టి దణ్ణం పెట్టుకుంటా. మళ్ళా సంచీలో తెచ్చుకున్న డైరీలో రాసుకుంటా. ఆ తర్వాత అంగడికి."

నేను లేచి నిలబడ్డాను. "రసీదు ఎక్కడ పెడతారు?"

"పూజగదిలో." ఆయనకు నా ఆశ్చర్యం అర్థం కాలేదు. "యాడ పెడతారు మరి? సర్కారుకు పన్ను కట్టిన రసీదు అమ్మవారి ముందర పెట్టాలని పెద్దశెట్టి ఉన్నప్పటి నుంచి ఈ ఇంటి పద్ధతి. ఆడిటరుకు కూడా జిరాక్సులే ఇస్తా. ఆ గదిలోకి పోయిన కాగితం ఇల్లు దాటకూడదు. భద్రంగా ఉండాయి. ఎవరన్నా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. అదే కదా కథంతా.

నాలుగు ఇరవై ఐదు. నా గొంతు విని అనసూయమ్మ గారు వచ్చారు. పూజగదిలోకి పోవాలని అడిగితే నన్ను పైనుంచి కిందికి చూశారు.

"స్నానం చేసినారా అన్నా?"

"చేసినానమ్మా. స్కూటరు మీద వచ్చినా."

"అయితే కాళ్ళు కడుక్కోండి."

చిన్న గది. వాసవాంబ పటం, కింద పీట మీద ఒక చెక్కపెట్టె. మూలలకు ఇత్తడి రేకులు, మూత మీద ఎండిన పసుపు పొర. ఆమె దణ్ణం పెట్టి పెట్టె తీసి నా చేతికిచ్చారు. గడప బయటికి తెచ్చి, తువ్వాలు పరిచి తెరిచాను. పైన ఈ ఏడాది కట్ట. దాని కింద పోయిన ఏడాది కట్ట. దారం విప్పి లెక్కపెట్టాను. పన్నెండు. ప్రతిదాని నాలుగు మూలలా పసుపు. ప్రతిదాని మీదా బ్యాంకు గుండ్రటి ముద్ర. తేదీలు డైరీతో సరిపోయాయి. చెక్కు నంబర్లు సరిపోయాయి. మొత్తాలు సరిపోయాయి.

"ఉండాయా సామీ?" అన్నాడు తిమ్మయ్య.

"ఉన్నాయప్పా. పన్నెండూ ఉన్నాయి." మనసులో దేవుడికి నమస్కరించాను. శ్రీవిద్య బయటపడింది. తాత కూడా బయటపడ్డాడు. ఇంత శుభ్రంగా ముగిసే కేసులు అరుదు.

అంత శుభ్రంగా ముగిస్తే పన్ను ఆఫీసు రిజిస్టరులో ఎందుకు లేవు?

ఆ ప్రశ్న వచ్చాక రసీదును మళ్ళీ చదివాను. ఈసారి ముద్రనూ మొత్తాన్నీ కాదు. పై గీత మీద కట్టినవారి పేరు, నంబరు ఉంటాయి. ఒకటి చదివాను. రెండోది చదివాను. పన్నెండోది దాకా చదివాను. అన్నిటి మీదా అదే పేరు, అదే నంబరు.

అప్పుడే వీధిలో జీపు ఆగింది. నాలుగు యాభై ఐదు.

దేవేంద్రప్ప లోపలికి వచ్చాడు. వెనక శ్రీవిద్య, ఒక ఆడ కానిస్టేబులు. శెట్టి గారి చేతిలో ఫిర్యాదు కాగితం సిద్ధంగా ఉంది.

"బూట్లు," అన్నారు అనసూయమ్మ. ఎస్సై గడప దగ్గరే ఆగిపోయి, బూట్లు విప్పే ఓపిక లేక, అక్కడే నిలబడి మెడ సాచాడు.

"ఏం రైటరన్నా? దొరికినాయా?"

"దొరికినాయి. నువ్వు చెప్పిందాంట్లో సగం నిజం. ఆ చెక్కులతో కట్టింది పనివాళ్ళ పన్ను కాదు, వేరేవాళ్ళ పన్నే."

శ్రీవిద్య గోడకు ఆనుకుంది. దేవేంద్రప్ప కళ్ళు మెరిశాయి. "చెప్పలే నేను? ఎవరిది?"

రసీదు అతనికి కాక శెట్టి గారికి అందించాను. "మీరే చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకొని చదివారు. "ధనుంజయ శెట్టి... ఇది నా పేరు. నంబరు... ఇది నా సొంత పన్ను నంబరు గదా?"

"అవును. జీతాల్లో కోసింది కట్టడానికి ఫ్యాక్టరీకి వేరే నంబరు ఇచ్చినారు, వేరే చలానా ఉంది. ఇవి మీ సొంత ఆదాయానికి ముందుగా కట్టే పన్ను చలానాలు. ఇరవై ఆరు మంది జీతంలో కోసినదంతా రెండేళ్ళుగా మీ పేరు మీద జమ అవుతా ఉంది."

గోడ పట్టుకొని గోపన్న ఎప్పుడు వచ్చారో చూడలేదు.

"తప్పేముండాది దాంట్లో?" అన్నారాయన. "ఆ కొత్త నంబరు మీద శెట్టి పేరు ల్యా. ఎవరి నంబరో తెలీని నంబరు మీద అంత సొమ్ము ఎట్ల కడతా? చెక్కు శెట్టిది. సంతకం శెట్టిది. ఈ ఇంటి దుడ్డు ఈ ఇంటి పేరు మీదనే పోవాల. నలభై ఏండ్లుగా పెద్దశెట్టి పేరు మీద కట్టినా, ధనుంజయ శెట్టి పేరు మీద కట్టినా. ఒక్కనాడు పరాయి నంబరు రాయలే."

ఆయన స్వరంలో గర్వం ఉంది. ఆ గర్వాన్ని చూడలేక నేను కాగితాల వైపు తిరిగాను.

"శెట్టి గారూ, ఈ మధ్య మీకు పన్ను ఆఫీసు నుంచి వాపసు ఏమైనా వచ్చిందా?"

ఆయన గడప పక్కన కూర్చున్నారు. "ఫిబ్రవరిలో. అరవై రెండు వేల నాలుగు వందలు, దానిమీద వడ్డీ. ఎక్కువ కట్టినారు అని పంపినారు. ఆడిటరు రిటర్నులో ఏమి రాసినాడో నేను చూడలే. రాముడు ఇచ్చినాడు అనుకున్నా."

రసీదుల మీది మొత్తాలు కూడి చూశాను. పన్నెండూ కలిపితే అరవై రెండు వేల నాలుగు వందలు.

"ఆ దుడ్లు ఏం చేసినావు శెట్టీ?" అన్నాడు తిమ్మయ్య మెల్లగా.

"ఒంటిమిట్టలో కల్యాణం నాడు అన్నదానం పెట్టినా. మిమ్మల్నందర్నీ లారీలో తీసకపోలా?"

తిమ్మయ్య వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "అయితే ఆ పొద్దు నేను మూడు సార్లు అడిగి పెట్టించుకున్న పాయసం నాదేనా? తెలిసింటే నాలుగోసారి కూడా అడిగిందును."

మొదట నవ్వింది శ్రీవిద్య. ఆ తరువాత అనసూయమ్మ. గడప బయట దేవేంద్రప్ప టోపీతో ముఖం కప్పుకున్నాడు. నాకు మాత్రం, రాముడు ఆ రోజు ఎవరి పుణ్యం ఎవరి ఖాతాలో వేసుకొని ఉంటాడా అని ఒక ఆలోచన వచ్చిపోయింది.

"రైటరన్నా," అన్నాడు దేవేంద్రప్ప నవ్వు తగ్గాక, "సొత్తు పోయిందని చెప్పినాయన ఇంట్లోనే, దేవుని ముందరే దొరికింది. నేను ఎవర్ని తీసకపోవాల?"

"ఎవర్నీ కాదు. ముందు ఆ ఫిర్యాదు చించు."

శెట్టి గారు అందిస్తే తీసుకొని చించాడు. కానీ ముక్కలు జేబులో వేసుకుంటూ అన్నాడు: "నేను ఊరుకుంటా. పన్ను ఆఫీసు ఊరుకోదన్నా. కోసి కట్టని యజమానికి జరిమానా ఒక్కటే కాదు, జైలు కూడా ఉండాదని పొద్దున ఆ అధికారే చెప్పినాడు. ఈ చలానాలు ఎవరు రాసినారని అడుగుతాడు. రాతపూర్వకంగా చెప్పాల. ఆయన్ను పిలిపిస్తాడు."

అందరి కళ్ళూ గోపన్న వైపు తిరిగాయి. ఇప్పుడు అర్థమైంది ఆయనకు. ఒక్కసారిగా చిన్నగా అయిపోయారు.

"నేనా?" అన్నారు. "నా వల్లనా ఈ పాపను జీపెక్కించినారు? శెట్టికి జైలంటారా?" రెండు చేతులూ ఎస్సై వైపు చాచారు. "నన్ను తీసకపో నాయనా. రాసింది నేనే. ఈ చేత్తోనే రాసినా."

శెట్టి గారు లేచారు. ముందు శ్రీవిద్య దగ్గరికి వెళ్ళారు. "అమ్మా, ఇంకొకర్ని అడగాల్సిన మాట అడగలేక నీ మీద వేసినా. చేతులు జోడిస్తాండా."

"నాకు దణ్ణాలు వద్దు సార్," అందామె. కళ్ళు తడిగానే ఉన్నాయి, మాట మాత్రం గట్టిగా ఉంది. "రేపు పొద్దున పదికల్లా సరైన నంబరు మీద మొత్తం కట్టి రసీదులు నా చేతికియ్యండి. ఇరవై ఆరు ఫారాలు మళ్ళా టైపు చేయాల. ఎల్లుండి సాయంత్రం దాకానే టైముండాది." ఆగి దేవేంద్రప్ప వైపు తిరిగింది. "ఎస్సై గారూ, నన్ను హాస్టలు కాడ జీపులోనే దింపండి. జీపెక్కింది చూసినోళ్ళంతా దిగేది కూడా చూడాల. దిగేటప్పుడు మీరు నమస్కారం పెట్టాల."

"పెడతానమ్మా," అన్నాడతను. అనక తప్పలేదు.

శెట్టి గారు నా వైపు తిరిగారు. "మునిరత్నం, నీది మంచి చేతిరాత. పన్ను అధికారికి జాబు రాయి. తప్పుడు నంబరు మీద కట్టింది నిజం, ఆ తప్పు ధనుంజయ శెట్టిది, అని రాయి. ఇంకే పేరూ రాయొద్దు."

కలం తీశాను గానీ కాగితానికి ఆనించలేదు. "అబద్ధం నా చేత రాయించకండి శెట్టి గారూ."

"అబద్ధం యాడుండాది? నంబరు నాది. సంతకం నాది. రెండేండ్లు చూడకుండా సంతకం పెట్టింది నేను. వాపసు వస్తే ఎందుకొచ్చిందని అడక్కుండా తీసుకుంది నేను. దీంట్లో ఏది అబద్ధమో చెప్పు, కొట్టేస్తా."

వెతికాను. కొట్టేయదగ్గ మాట దొరకలేదు. రాశాను.

"వద్దు శెట్టీ," అన్నారు గోపన్న. "జైలంటాండారు. ముసలోణ్ణి, నాకేం పోతాది?"

శెట్టి గారు జాబు చదువుకుంటూనే జవాబిచ్చారు. "దసరా నాడు పూజ చేసిన కొత్త పద్దుపుస్తకం మీద సిరాబుడ్డి తన్నిందెవరు గోపన్నా?"

ముసలాయన వద్దని చెయ్యి ఊపారు. శెట్టి గారు ఆగలేదు.

"నేను. నాకు పదేండ్లు. పుస్తకమంతా నల్లగయ్యింది. ఏడాది పొడుగునా అరిష్టమని నాయన కేకలేస్తా వచ్చినాడు. నువ్వు ముందుకొచ్చి నా చెయ్యి తగిలింది అన్యావు. నాయన నలుగుర్లో నీ చెంప మీద కొట్టినాడు. నేను స్తంభం వెనక నిలబడి చూస్తి, నోరు తెరవకపోతి. నలభై ఎనిమిదేండ్లయింది. ప్రతి దసరాకూ చెప్పాలనుకుంటా. చెప్పలేను."

"నువ్వు అది ఇంకా మర్చిపోలేదా ధనుంజయా?" అన్నారు గోపన్న. శెట్టి అనడం మర్చిపోయారు.

శెట్టి గారు కలం నా చేతిలోంచి తీసుకొని జాబు కింద సంతకం పెట్టారు. సిరా ఆరేదాకా నోటితో ఊది, మడిచి, నాకు కాదు, ప్రతి ఏడో తేదీ చెక్కు ఇచ్చినట్టే గోపన్న చేతిలో పెట్టారు.